ఎదురు కాళ్ళతో మూడు ఊళ్ళు

నేను ఎదురు కాళ్ళతో పుట్టాను. అందరు పిల్లలూ తల ముందు పెట్టి లోకంలోకి వస్తారు. నేను కాళ్ళు ముందు పెట్టి, బస్సు దిగేవాడిలా వచ్చాను. హైదరాబాదులో దీనివల్ల పైసా ఉపయోగం లేదు. అద్దె తగ్గదు, మెట్రోలో సీటు దొరకదు. పాలమూరు వైపు వెళితే మాత్రం ఇదొక పదవి. నడుము పట్టేసినవాళ్ళు నాలాంటివాడితో మూడుసార్లు తన్నించుకుంటారు. భూమి కింద నీళ్ళెక్కడున్నాయో మా కాళ్ళకు ముందే తెలుస్తుందని నమ్ముతారు. నాకు ముందే తెలిసే సంగతి ఒక్కటే ఉంది. నేను కస్టమర్ కేర్‌లో పనిచేస్తాను, ఫోన్ ఎత్తకముందే అవతలివాడు తిట్టబోతున్నాడని తెలిసిపోతుంది. దానికి కాళ్ళతో పనిలేదు.

మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాయన, నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లెలో మూడెకరాల చేను చేస్తాడు. ఆయనా చిన్నమ్మా చాలా ఏళ్ళు పుణెలో బిల్డింగు పనులు చేసి, ఇక చాలనుకుని తిరిగొచ్చి, బోరు వేసుకుని వేరుశనగ పెట్టుకున్నారు. ఎండలు ముదురుతుండగా ఒకరోజు ఫోన్ చేశాడు.

"రెండో బోరు గూడ ఎండింది రా. మూడోది ఏస్త. యాడ ఏయాల్నో నువ్వే జూడాలె."

"నాకేం తెల్సు చిన్నాయనా?"

"నీకు తెల్వదు. నీ కాళ్ళకు తెల్సు. శక్తి ఉంది గనీ సాన పట్టలే. గద్వాలల ఒకాయన నేర్పుతున్నడంట. వనపర్తిల ఇంకొకాయన ఉన్నడు. నేర్చుకుంట వచ్చి ఆఖరుకు మన చేను జూద్దువు."

"పడకుంటే?"

"పడకుంటే పుణెకే." చాయ్‌లో చక్కెర తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. అంత మామూలుగా అన్నాడు కాబట్టే నేను కాదనలేకపోయాను. ఆఫీసులో ట్రైనింగుకు పోతున్నానని చెప్పి సెలవు పెట్టాను. ఏం ట్రైనింగని మా మేనేజరు అడగలేదు. ఆయనకు ఆరో ఇంద్రియం సరే, మిగతా ఐదూ కూడా పెద్దగా లేవు.

గద్వాల: కళ్ళకు గంత

జనరల్ పెట్టెలో ఎవరి మోకాలో నా వీపులో పెట్టుకుని ప్రయాణం చేసి గద్వాలలో దిగేసరికి చిన్నాయన ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి, ముఖం మీద రెండు బోర్ల దుమ్ము. స్టేషన్ బయట ఉగ్గాని తిన్నాం. మా హైదరాబాదు వీధిలో బొరుగులంటే సాయంత్రం ఉల్లిపాయలేసి కాగితం పొట్లంలో ఇచ్చేవి. ఇక్కడ వాటిని నానబెట్టి, తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ వేసి పొద్దున్నే చేతికిస్తారు. ప్లేటు నలభై. హోటలాయన రాయచూరు వైపు మనిషిలా ఉన్నాడు. "తిండి ఆయ్తా?" అని, అంటే టిఫిన్ అయిందా అని, అప్పుడే తిని చేతులు కడుక్కుంటున్న నన్ను అడిగాడు. ఆ రోజు నన్ను ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

అంతర్దృష్టి శిబిరం ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో. కింద చీరల దుకాణం, పైన మూడో కన్ను. ఉన్నది ఇరవై మందికి మించదు. అయినా మాస్టరు చెవికి మైకు తగిలించుకున్నాడు. తెల్ల లాల్చీ, నా వయసే ఉంటుంది.

"ప్రతి మనిషిలోనూ ఒక శక్తి నిద్రపోతోంది," అన్నాడు. "ఈరోజు దాన్ని లేపుదాం."

నా శక్తి సంగతేమో గానీ నేను నిజంగానే నిద్రపోతున్నాను. చిన్నాయన మోచేత్తో పొడిచాడు.

వచ్చినవాళ్ళలో మల్దకల్ నుంచి ఒకాయన ఉన్నాడు, తన బండి ఎత్తుకుపోయిన దొంగ ముఖం చూడాలని. నాకు జోడీగా కూర్చోబెట్టిన సుశీలమ్మది మగ్గాల ఇల్లు. గద్వాల చీరలు నేస్తారు. ఎందుకొచ్చారమ్మా అంటే చెప్పింది.

"ఏ రంగు అమ్ముడు పోతదో ముందుగాల తెలిస్తే గదే పెడ్తం గద నాయనా మగ్గానికి. పోయిన పండుగకు ఆకుపచ్చ నేస్తిమి. వచ్చినోళ్ళంత పసుపుపచ్చ లేదా అనిరి. ఈ సారి పసుపుపచ్చ నేస్తిమి. ఇగ జూడు, ఎవ్వరు రాలే."

మొదటి పాఠం: ఎదుటి మనిషి మనసులో ఉన్నది చెప్పాలి. సుశీలమ్మ కళ్ళు మూసుకుని, వెంటనే తెరిచి, "నీకు ఆకలైతుంది," అంది. నిజమే. ఉగ్గాని అప్పటికే అరిగింది. మాస్టరు చప్పట్లు కొట్టించాడు.

"ఎట్లా తెలిసిందమ్మా మీకు?"

"తెల్వనీకి ఏముంది సారు? పొద్దుగాల కూసోబెట్టినవ్, గింత పొద్దెక్కింది, బన్నుముక్క పెట్టకపోతివి. అందరికీ ఆకలే."

చప్పట్లు ఈసారి ఎవరూ కొట్టించకుండానే పడ్డాయి.

రెండో పాఠం కళ్ళకు గంతలు కట్టి రంగు కాగితాలు చూపించడం. నేను వరసగా అన్నీ సరిగ్గా చెప్పాను. ఎరుపు, పచ్చ, తెలుపు. హాలంతా ఆశ్చర్యం. చిన్నాయన లేచి నిలబడ్డాడు. ఇక్కడ నేను ఊరుకోవచ్చు, కానీ అలవాటు చెడ్డది.

"సార్, ముక్కు పక్క నుంచి కనబడుతోంది," అన్నాను.

దాగుడుమూతలు ఆడిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు, గంత ఎంత బిగించినా ముక్కు పక్కన ఒక సందు ఉంటుంది. ఆడడం మానేసిన పెద్దలకే అది గుర్తుండదు. మాస్టరు ఏమాత్రం తొణకలేదు. "సందేహం కూడా ఒక శక్తే," అన్నాడు. ఇంత వరకూ ఓడిపోని మనిషి ఇట్లాగే మాట్లాడతాడు.

చివర్లో చిన్నాయన చేతులు కట్టుకుని వెళ్ళి అడిగాడు. "సార్, మా చేండ్ల నీళ్ళున్నయా?"

మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. "నీలం కనిపిస్తోంది. పుష్కలంగా నీలం."

చిన్నాయన దండం పెట్టాడు. ముఖంలో మాత్రం సంబరం లేదు. ఎండదెబ్బ అనుకున్నాను. శిబిరంలో నేర్చుకున్న విద్య అంతవరకే పనిచేసింది.

బస్సులో: కండక్టరు నడుము

మర్నాడు వనపర్తి బస్సు. కిటికీలోంచి వచ్చే గాలి రొట్టెల పెనం మీంచి వస్తున్నట్టుంది. ఇటిక్యాల వైపు చేలన్నీ కోసేసిన మోడులు. కండక్టరు టికెట్లు కొడుతూ ఒక చేత్తో నడుము పట్టుకుని, అడుగడుక్కీ "అమ్మా" అంటున్నాడు. మా సీటు దగ్గరకొచ్చి "అమ్మా" అనగానే నాకు ప్రమాదం అర్థమైంది. చిన్నాయన అప్పటికే నోరు తెరిచాడు.

"పట్టేసిందా అన్నా?"

"నాలుగు దినాలాయె. దవాఖానకు పోయిన, గోలీలిచ్చిండ్రు. తగ్గుతలేదు."

"గోలీలెందుకే! మావోడు ఎదురు కాళ్ళోడు."

టికెట్టు మిషను ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూశాడు, కాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగాడు. "నిజంగనా తమ్మీ?"

"నిజమే అన్నా. గనీ తంతే నడుము తగ్గుతదని నేను నమ్మను."

"నువ్వు నమ్మకున్నా ఏం గాదు. నమ్మాల్సింది నేను గద."

నేను కాళ్ళు సీటు కిందికి లాక్కున్నాను. బీచుపల్లి దగ్గర వంతెన దాటుతుంటే కింద కృష్ణ కనిపించింది, బండల మధ్య పరుచుకుని. బస్సులో సగంమంది చేతులు జోడించారు. చిన్నాయన తల బయటపెట్టి, "గన్ని నీళ్ళు రా," అన్నాడు. ఆ నీళ్ళు కనుక్కోవడానికి ఎవరి కాళ్ళూ అక్కర్లేదు, చేను దాకా తేవడానికే ఏ కాళ్ళూ చాలవు.

పెబ్బేరులో బస్సు ఆగింది. బస్టాండు గోడ వైపు తిరిగి కండక్టరు వంగి నిలబడ్డాడు. నేను చెప్పు విప్పి, ఒక ప్రభుత్వోద్యోగి నడుము మీద పట్టపగలు, డ్రైవరు సాక్షిగా, మూడుసార్లు కాలు పెట్టి తీశాను.

"తమ్మీ, దుమ్ము దులుపుతున్నవా? జర గట్టిగ తన్ను!"

గట్టిగా తన్నాను. పల్లీలమ్మే ఆమె "అబ్బో" అంది. కండక్టరు మెల్లగా నిటారుగా లేచి, అటూ ఇటూ తిరిగి, "జర హల్కా అయింది," అన్నాడు. వనపర్తి దాకా "అమ్మా" అనలేదు. దిగేటప్పుడు మాత్రం మెట్టు మీద కాలు మోపి చాలా చిన్నగా "అమ్మా" అన్నాడు. మేము విననట్టు నటించాం. నాకు తెలిసి మా ఇద్దరి మధ్య జరిగిన అసలైన టెలిపతీ అదే.

వనపర్తి: లేచే కొబ్బరికాయ

వనపర్తిలో రాజుగారి బంగళాలో పాలిటెక్నిక్ నడుస్తుంది. దాని దరిదాపుల్లో ఎవరినడిగినా పాయింట్ సారు ఇల్లు చూపిస్తారు. బోరు ఎక్కడ వేయాలో చెప్పడాన్ని పాయింట్ చూడడం అంటారు. కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టి, పిలక వేళ్ళ వైపు పెట్టి, చేను మీద నడుస్తారు. నీళ్ళున్నచోట కాయ దానంతటదే లేచి నిలబడాలి. మా హైదరాబాదులో కొబ్బరికాయను కొత్త కారు ముందు కొట్టి, ముక్కల్ని వాచ్‌మన్‌కి ఇస్తాం. ఇక్కడ దానికి ఉద్యోగం ఉంది.

పాయింట్ సారు పెద్దవయసు మనిషి. వసారాలో పడక్కుర్చీ, పక్కన కాయల బుట్ట. నన్ను చూస్తూనే అడిగాడు.

"బ్లడ్ గ్రూపేంది?"

బి పాజిటివ్ అని నేను నోరు తెరిచేలోపు చిన్నాయన, "ఓ పాజిటివ్ సార్," అన్నాడు.

"అట్లయితెనే పనిచేస్తది. వేరే గ్రూపులకు కాయ లేవది."

ఇంటి వెనక పెరట్లోకి తీసుకెళ్ళాడు. చేయి ముందుకు చాపి, మోచేయి వంచకుండా నడవమన్నాడు. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. ఎండలో కాయ బరువు క్షణక్షణానికీ పెరుగుతోంది. చింతచెట్టు దగ్గరికి రాగానే నా మణికట్టు వణికింది, కాయ కొంచెం కదిలింది, ఆపైన లేచి కూర్చుంది. దొర్లి నా కాలి మీద పడింది.

"ఆహా! జూసినవా?" అన్నాడు సారు. "ఈడనే మా బోరు పైపు పోతది!"

"చేయి నొచ్చింది సార్, అందుకే వణికింది."

"వణుకు ఎందుకొచ్చింది? అదే నీళ్ళు."

బొటనవేలు వాచింది. బి పాజిటివ్ రక్తంతో ఓ పాజిటివ్ కాయను లేపినందుకు శిక్ష అనుకున్నాను. సారు భార్య లోపలి నుంచి "పగిలిందా?" అని కేకేసింది. నా వేలి గురించి కాదు. పగిలిన కాయలు ఆ ఇంట్లో పచ్చడికి పోతాయి. ఆ పచ్చడితోనే అన్నం పెట్టింది, వద్దన్నా వినకుండా. గద్వాల మాస్టరు దగ్గర బన్ను కూడా దొరకలేదని గుర్తొచ్చి, ఇద్దరు గురువుల్లో ఈయనే గొప్పవాడని తేల్చేశాను.

భోజనమయ్యాక చిన్నాయన తన చేను ఆకారం నేల మీద గీశాడు. సారు ఆ గీతల మీద కాయ తిప్పి, "ఉన్నయ్ పో. ఈశాన్యం మూల," అన్నాడు.

"సార్, ఎన్నడన్న ఎవరికన్న లేవని చెప్పిన్రా?" అనడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "లేవని చెప్పించుకోనీకి నా దాంక ఎందుకొస్తరు నాయనా?"

చిన్నాయన చేతిలో సగం కాలిన బీడీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోలేదు.

నాగర్‌కర్నూల్: ఫోన్లో భూగర్భం

మూడోరోజుకు నాకు కుర్చీ కనిపిస్తే చాలు కళ్ళు మూతలు పడుతున్నాయి. గద్వాల మాస్టరు చూస్తే ధ్యానం కుదిరిందనేవాడు. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఆటోవాళ్ళ కేకల మధ్య, మందుల దుకాణానికీ ఎరువుల దుకాణానికీ నడుమ ఒక గది. అందులో మిషనుతో పాయింట్ చూసే కుర్రాడు. నమ్మకాల మీద నమ్మకం లేనివాళ్ళ కోసం ఈయన. నాలాంటివాళ్ళ గురువన్నమాట. కాస్త ఆశపడ్డాను.

"మిషను రిపేరుకు పోయింది," అన్నాడు.

"మరి?"

"ఫోన్ల మ్యాపు ఉంది గద అన్నా." చేను ఎక్కడో అడిగి, మ్యాపును వేళ్ళతో సాగదీసి, పచ్చగా ఉన్న ఒక చుక్కను చూపించి, "పక్కా వాటర్," అన్నాడు.

ఆ పచ్చ చుక్క పక్క చేనువాళ్ళ వేపచెట్టు. చిన్నాయన వేపచెట్టని చెప్పలేదు. "సరే," అని బయటికొచ్చి, చాలాసేపు ఆటోల వైపు చూస్తూ నిలబడ్డాడు. ముగ్గురూ ఉన్నాయన్నారు. సంతోషించాల్సిన లెక్క అది.

"బోరు బండోనికి రేపు పొద్దుగాల రమ్మని చెప్పిన," అన్నాడు. "ఇగ నువ్వొక్కనివి జూస్తే అయిపాయె." ఒక కొబ్బరికాయ బేరమాడి కొన్నాడు, ముప్పై చెబితే ఇరవై అయిదుకు.

ఇంటికి చేరేసరికి చిన్నమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టెలు చరుస్తోంది. చిన్నాయన కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి పోగానే అడిగింది.

"ఏమన్నరు?"

"ముగ్గురు గూడ ఉన్నయనే అన్నరు చిన్నమ్మా."

రొట్టె మీద చెయ్యి గట్టిగా పడింది. "నువ్వేమంటవ్?"

"నాకేం తెల్వదు."

"ఆళ్ళకు గూడ తెల్వదు. తెల్వకుండనే ఉన్నయన్నరు. నువ్వు తెల్వకుండనే లేవని చెప్పు రా."

నేను పుంటికూర ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను.

"పోయినసారి బోరు ఎండినప్పుడు మీ చిన్నాయన మూడు దినాలు అన్నం ముట్టలే. మూడోది గూడ గట్లనే అయితే మనిషి మిగలడు. పుణెల పని కష్టమే, గనీ పొద్దుమూకితే కూలి చేతుల ఉంటది. భూమి దిక్కు నోరు తెరుసుకోని జూడనవసరం లేదు. నేను వద్దంటే ఆయన మనసు ఇరుగుతది. ఇంతకాడికి వచ్చి పెండ్లామే నమ్ముతలేదు అనుకుంటడు. నువ్వంటే ఇంటడు."

"నన్నెందుకు ఇంటడు? నేను కస్టమర్ కేరోన్ని."

"ఆయనకు గది తెల్వదు గద," అంది, ఇంకో రొట్టె నా పళ్ళెంలో వేస్తూ.

మూడు ఊళ్ళు తిరిగి ఒక్క శక్తీ సంపాదించుకోని నాకు, చివరికి ఒక రొట్టెకు ఒక అబద్ధం చొప్పున పని దొరికింది. అయితే అది అబద్ధమేనా? ఉన్నాయంటే అబద్ధం, లేవంటే అబద్ధం, తెలియదంటే ఎవరికీ పనికిరాని నిజం.

చేను: ఈశాన్యం మూల

పొద్దున్నే చేలోకి పోయాం. ఎండిన బోర్లు రెండూ మూతలు బిగించుకుని, అవమానం పడ్డ పెద్దమనుషుల్లా నిలబడి ఉన్నాయి. చిన్నాయన కాయను నా చేతిలో పెట్టి గట్టు మీద నిలబడ్డాడు. వాచిన బొటనవేలితో కుంటుతూ నడిచాను.

దక్షిణం వైపు ఏమీ కాలేదు. పడమర ఏమీ కాలేదు. ఈశాన్యం మూలకు రాగానే నా మణికట్టు బిగుసుకుంది. కాయ కదిలింది. ఇదంతా చేతి అలసట అని నాకు తెలుసు. కండరం, బరువు, ఎండ, ఎనిమిదో తరగతి సైన్సు. తెలిసి కూడా మెడ వెనక వెంట్రుకలు లేచాయి. ఇది ఎవరికీ చెప్పొద్దనుకున్నాను, ఇక్కడ రాసేశాను. కాయ మెల్లగా, సిగ్గు లేకుండా, నా అరచేతిలో లేచి నిలబడింది.

దాన్ని పిడికిలితో పట్టేశాను.

"లేవు చిన్నాయనా."

"టెంకాయ లేసింది గద రా?"

"నేనే లేపిన. చెయ్యి నొచ్చింది."

"మల్ల జూడు."

మళ్ళీ చూశాను. ఈసారి నాలుగు వేళ్ళూ కాయ చుట్టూ బిగించి నడిచాను. అట్లా పట్టుకుంటే కృష్ణలో దింపినా అది లేవదు. అది ఆయనకు కనిపిస్తూనే ఉంది.

"లేవు."

"యాడ గూడ లేవా?"

"యాడ గూడ లేవు."

తిడతాడనుకున్నాను. నీకు శక్తి లేదంటాడనుకున్నాను, అది నిజం కాబట్టి సిద్ధంగానే ఉన్నాను. ఆయన గట్టు మీద చతికిలబడి ఫోన్ తీశాడు.

"అన్నా, బండి తోలకు... లేవంట... లే, మావోడే జూసిండు... ఆఁ, మంచిగనే జూసిండు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ మూడు రోజుల్లో మొదటిసారి ఆయన భుజాలు కిందికి దిగాయి.

"ఊరూరు తిరిగిన రా," అన్నాడు. "ఒక్కడన్న లేవంటడేమోనని. ఒక్క కొడుకు అనకపాయె."

నేను కాయను గట్టు మీద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను.

"మరి నువ్వే వద్దనుకుంటే అయిపోతుండె గద చిన్నాయనా?"

"పుణె నుంచి మీ చిన్నమ్మను తోలుకొచ్చిందే నేను. మన చేను మనం జేసుకుందం, ఇగ ఒకరి కింద పనొద్దంటి. ఇప్పుడు నేనే బోరొద్దంటే ఏ మొకంతోని అంటరా? లేవని ఎవడన్న చెప్తే అది వేరే ముచ్చట."

మూడు రోజులు ఆయన పక్కనే కూర్చుని, ఆయన ముఖంలోది ఎండదెబ్బ అనుకున్నాను. అంతర్దృష్టి శిబిరంలో నేను ఫెయిలైనట్టే లెక్క.

గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగ లేవా రా?"

"నాకు తెల్వదు చిన్నాయనా."

తల ఊపాడు. కోపం లేదు. "మీ చిన్నమ్మకు మాత్రం గట్ల చెప్పకు. లేవనే చెప్పు. పాపం, బోరు పడ్తదని ఆశ పెట్టుకున్నది."

చిన్నమ్మ గట్టు మీదుగా చాయ్ కెటిల్, మూడు గ్లాసులు పట్టుకుని వస్తోంది. దగ్గరికొచ్చి, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమాయె?"

"లేవు," అన్నాం ఇద్దరం ఒకేసారి.

"అయ్యో," అంది చిన్నమ్మ. నేను విన్న అయ్యోలన్నిటిలో అంత తేలికైన అయ్యో ఇంకోటి లేదు. అని, ఆయన పక్కన కూర్చుని, ఆయనకే ముందుగా చాయ్ పోసింది.